షెఫ్‌షావెన్ ప్రయాణం: వీసా నుంచి తిరుగు బస్సు దాకా

మొరాకో ఉత్తరాన, రిఫ్ కొండల్లో ఉన్న నీలి ఊరు షెఫ్‌షావెన్ గురించి పదే పదే వచ్చే ప్రశ్నలు ఇవే: వీసా ఎలా? ఏ దారిన వెళ్లాలి? ఎన్ని రోజులు ఉండాలి? శాకాహారులకు తిండి దొరుకుతుందా? పెద్దవాళ్లు ఆ మెట్లు ఎక్కగలరా? వాటన్నిటికీ పని జరిగే వరుసలోనే ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది రోజుల లెక్క. కనీసం రెండు రాత్రులు ఉండండి. ఫెజ్ నగరం నుంచి పొద్దున తీసుకెళ్లి రాత్రికి దింపేసే ప్యాకేజీలు చాలా ఉన్నాయి. వాటిలో రానూపోనూ దాదాపు ఎనిమిది గంటలు బండిలోనే పోతాయి. మిగిలిన మూడు నాలుగు గంటలూ సరిగ్గా సందులు కిక్కిరిసే నడిమధ్యాహ్నం. ఈ ఊరు బాగుండేది పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు దాటాక. ఆ రెండు వేళలూ దక్కాలంటే రాత్రి అక్కడే పడుకోవాలి. కింద చెప్పిన ఏర్పాట్లన్నీ ఈ లెక్క మీదే.

1. ఏ నెలలో వెళ్లాలి

ఏప్రిల్, మే, లేదా సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ దాకా. నడవడానికి హాయిగా ఉంటుంది.

జులై, ఆగస్టుల్లో ఎండ 35 డిగ్రీలు దాటుతుంది. యూరప్ సెలవుల రద్దీ కూడా అప్పుడే. నవంబర్ నుంచి మార్చి దాకా వానలు. మొరాకో అనగానే ఎడారి గుర్తొచ్చి పల్చని బట్టలతో వెళ్లేవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. దేశంలో వానలు బాగా పడే ప్రాంతాల్లో రిఫ్ ఒకటి. పాత ఇళ్ల గోడలు మందం, చాలా గదుల్లో హీటర్ ఉండదు. చలికాలం వెళ్తుంటే గది బుక్ చేసేముందే హీటర్ ఉందా, దానికి వేరే డబ్బులా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

రంజాన్ నెల ఎప్పుడో కూడా చూసుకోండి. అది ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. ఆ నెలలో పగటిపూట చాలా హోటళ్లు మూసే ఉంటాయి, బస్సు వేళలు మారతాయి. మొరాకో గడియారం కూడా ఆ నెలలో ఒక గంట వెనక్కి వెళ్తుంది. బక్రీద్ చుట్టుపక్కల బస్సుల్లో సీటు దొరకడమే కష్టం, కొట్లు కొన్ని రోజులు తెరవరు.

2. వీసా, కాగితాలు

భారతీయ పాస్‌పోర్టుకు వీసా తప్పనిసరి. 2022 జులై నుంచి మొరాకో ఈ-వీసా ఇస్తోంది. ప్రభుత్వ పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు, 30 రోజుల వరకు ఉండొచ్చు. వెతికితే దాన్నే పోలిన పేర్లతో ఏజెంట్ల సైట్లు ముందు కనిపిస్తాయి, ఎక్కువ డబ్బు తీసుకుంటాయి. అసలు పోర్టలేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. టికెట్లు కొన్నాక కాకుండా, ప్రయాణానికి నెల ముందే పెట్టుకుంటే నిశ్చింత.

అమెరికా, బ్రిటన్ పాస్‌పోర్టులున్న మనవాళ్లకు 90 రోజుల దాకా వీసా అక్కర్లేదు. గ్రీన్‌కార్డు ఉన్నా పాస్‌పోర్టు భారతదేశానిదైతే ఈ-వీసా కావాల్సిందే. ఈ తేడా తెలియక ఇంట్లో అందరికీ ఒకే లెక్క వేసుకుంటే విమానాశ్రయంలో ఒకరు ఆగిపోతారు.

స్పెయిన్‌తో కలిపి వెళ్లేవాళ్లు బాగా గమనించాల్సినది ఒకటుంది. స్పెయిన్ నుంచి ఓడెక్కి మొరాకోలో దిగితే షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం) దాటి బయటికి వచ్చినట్టే. మీది సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా అయితే తిరిగి స్పెయిన్‌లోకి రానివ్వరు. కనీసం డబుల్ ఎంట్రీ ఉండాలి. లేదంటే యూరప్ ముందు పూర్తి చేసుకుని, మొరాకో చివర పెట్టుకుని, అక్కణ్నుంచే ఇంటికి విమానం ఎక్కండి.

బ్యాగులో ఉండాల్సినవి:

- ఆరు నెలలకు తగ్గకుండా గడువున్న పాస్‌పోర్టు, ఈ-వీసా ప్రింటు
- బస చిరునామా, ఫోన్ నంబరు (దిగగానే పాస్‌పోర్టు కౌంటర్‌లో అడుగుతారు)
- పట్టు జారని బూట్లు. సందుల్లో రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి, వానకు ఇంకా జారతాయి
- వేసవిలోనైనా ఒక పల్చని స్వెటర్, చలికాలమైతే గట్టి కోటు, గొడుగు
- రెండు గుండ్రటి పిన్నుల చార్జర్. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు, అడాప్టర్ కావాలి
- మలుపుల్లో కడుపు తిప్పేవాళ్లకు మాత్రలు
- చిన్న టార్చి

డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. ముందస్తు అనుమతి లేని డ్రోన్‌ను విమానాశ్రయంలోనే కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారు. వీడియోలు తీసేవాళ్లు చాలామంది ఇది తెలియకే వస్తున్నారు.

3. ఊరు చేరడం

షెఫ్‌షావెన్‌కు రైలు లేదు, విమానాశ్రయం లేదు. చివరి అంచె రోడ్డు మీదే.

హైదరాబాద్ నుంచైతే దుబాయ్ లేదా దోహా మీదుగా కాసాబ్లాంకా వెళ్లడం తేలిక. అక్కణ్నుంచి రెండు దారులు. ఒకటి నేరుగా బస్సు, ఆరు గంటల పైమాటే. రెండోది నేను సలహా ఇచ్చేది: విమానాశ్రయం నుంచి రైల్లో కాసా వోయజర్ స్టేషన్, అక్కడ అల్ బొరాక్ అనే వేగపు రైలెక్కితే రెండుంబావు గంటల్లో టాంజియర్. ఆ రాత్రికి టాంజియర్‌లో ఆగి, మర్నాడు పొద్దున షెఫ్‌షావెన్ బస్సు పట్టుకోండి. పెద్ద విమాన ప్రయాణం చేసిన రోజునే కొండ దారి పెట్టుకోవద్దు.

బస్సు వేళల అంచనా:

- టాంజియర్ నుంచి రెండున్నర, మూడు గంటలు
- తెతువాన్ నుంచి గంటన్నర
- ఫెజ్ నుంచి నాలుగు గంటలు, కొంచెం అటూ ఇటూ
- రబాత్ నుంచి ఐదు గంటలు

నమ్మకమైన బస్సు సి.టి.ఎం. అనే కంపెనీది. సీటు నంబరుతో టికెట్ ఇస్తారు, ఆన్‌లైన్‌లో ముందే కొనొచ్చు. సెలవుల్లో ఫెజ్ బస్సు ముందు రోజే నిండిపోతుంది. పెద్ద సూట్‌కేసుకు కౌంటర్‌లో కొద్దిపాటి రుసుము కట్టి చీటీ కట్టించుకోవాలి, కాబట్టి అరగంట ముందు చేరండి.

బస్సు దొరక్కపోతే గ్రాండ్ టాక్సీ. ఇవి ఊరి నుంచి ఊరికి తిరిగే షేర్ టాక్సీలు. ఆరుగురు నిండితే కదులుతుంది. తొందరగా ఉన్నా, ఇరుక్కుని కూర్చోలేకపోయినా ఆరు సీట్ల డబ్బూ మీరే కట్టి బండి మొత్తం తీసుకోవచ్చు. నలుగురున్న కుటుంబానికి అదే మేలు. స్టాండులో కేకేసేటప్పుడు ఊరి పేరును షావెన్ అనే అంటారు. ఎక్కకముందే ధర మాట్లాడుకోండి.

కారు అద్దెకు తీసుకునేవాళ్లకు రెండు ముక్కలు. చీకటి పడ్డాక ఈ కొండ దారుల్లో నడపొద్దు. దారి పక్కన ఎవరైనా చేతులూపి ఆపబోతే ఆగొద్దు. రిఫ్‌లో గంజాయి సాగు ఎక్కువ, అమ్మేవాళ్లు అలా ఆపుతుంటారు.

దిగగానే చేయాల్సిన మొదటి పని: తిరుగు టికెట్. బస్టాండ్ దాటకముందే కొనండి. చాలామంది చివరి రోజు చూద్దాంలే అని వెళ్లిపోయి, సీట్లు లేక టాక్సీకి నాలుగింతలు కడుతుంటారు.

4. బస్టాండ్ నుంచి గది దాకా

బస్టాండ్ ఊరి కింది వైపు ఉంటుంది. పాతపేట, అంటే మెదీనా, పైన ఉంటుంది. దూరం కిలోమీటరున్నర లోపే, కానీ అంతా ఎత్తు. సామానుతో నడవొద్దు. నీలి రంగు చిన్న టాక్సీలో బాబ్ అల్ ఐన్ అనే ద్వారం దాకా రండి. అక్కడి నుంచి బండ్లు లోపలికి పోవు.

అందుకే గది ఎంచుకునేటప్పుడు ఫొటోల కన్నా ముందు ఈ ప్రశ్నలు అడగండి:

- టాక్సీ ఆగే చోటి నుంచి ఎన్ని నిమిషాల నడక, ఎన్ని మెట్లు?
- గది ఏ అంతస్తులో ఉంది? (పాత ఇళ్లలో లిఫ్ట్ ఉండదు, లోపలి మెట్లు ఇరుకు)
- ద్వారం దగ్గరికి ఎవరైనా వచ్చి తీసుకెళ్తారా?
- డబ్బు కార్డుతో కట్టొచ్చా, నగదేనా? పర్యాటక పన్ను వేరేనా?

అమ్మానాన్నలు, అత్తామామలతో వెళ్తుంటే బాబ్ అల్ ఐన్ నుంచి ఉతా అల్ హమ్మామ్ చౌకు మధ్య గది చూడండి. ఆ దారి కూడా కొంచెం ఎత్తే, కానీ మోకాళ్లు మరీ ఇబ్బంది పెట్టవు. పై వీధుల్లో దృశ్యం బాగుంటుందని అక్కడ తీసుకుంటే పెద్దవాళ్లు రోజుకు ఒక్కసారి దిగడమే కష్టమై గదిలోనే ఉండిపోతారు. చక్రాల సూట్‌కేసు ఈ రాళ్ల మీద నడవదు. తోపుడు బండి వాళ్లు ద్వారం దగ్గర ఉంటారు, ముందే బేరం కుదుర్చుకోండి.

5. డబ్బు, ఫోన్

మొరాకో డబ్బు దిర్హామ్ ఆ దేశం బయట దొరకడం కష్టం. విమానాశ్రయంలో కొంత మార్చుకోండి, మిగతాది ఏటీఎంలో. షెఫ్‌షావెన్‌లో ఏటీఎంలు ఎక్కువగా కొత్త ఊరి వైపు, హసన్ 2 వీధిలో ఉంటాయి. శని, ఆదివారాల్లో కొన్ని ఖాళీ అవుతాయి కాబట్టి శుక్రవారమే తీసుకోండి. చిన్న నోట్లు, చిల్లర దాచుకోండి. టీ కొట్టు వాడికి 200 నోటు ఇస్తే చిల్లర ఉండదు.

సిమ్‌కు మరోక్ టెలికామ్, ఆరెంజ్, ఇన్వి ఉన్నాయి. పాస్‌పోర్టు చూపించాలి. ఊరి మ్యాప్ ఫోన్‌లోకి ముందే దించుకోండి, అయినా ఇరుకు సందుల్లో అది తికమక పడుతుంది. అక్కడ పనికొచ్చే సూత్రం వేరే ఉంది: ఎక్కుతూ పోతే రాస్ అల్ మా ఊట వైపు చేరతారు, దిగుతూ పోతే చౌకుకో బాబ్ అల్ ఐన్‌కో చేరతారు. ఎటు తప్పినా అరగంటలో తెలిసిన చోటే తేలతారు.

6. మొదటి సాయంత్రం

సామాను పెట్టి, టీ తాగి, నాలుగున్నర ప్రాంతంలో బయల్దేరండి. ఉతా అల్ హమ్మామ్ చౌకులో ఎర్రటి గోడల కస్బా (పాత కోట), పక్కనే ఎనిమిది పలకల మినార్ ఉన్న పెద్ద మసీదు కనిపిస్తాయి. ముస్లిమేతరులకు మొరాకో మసీదుల్లోకి మామూలుగా ప్రవేశం ఉండదు, కాబట్టి గుమ్మం దగ్గర నిలబడి లోపలికి ఫొటో తీయకండి. కస్బాలో తోట, చిన్న మ్యూజియం ఉన్నాయి. మర్నాడు మధ్యాహ్నపు ఎండకు దాన్ని దాచుకోండి.

చౌకు నుంచి పైకి నడిచి రాస్ అల్ మా చేరండి. ఊరికి నీళ్లిచ్చే ఊట ఇదే. పక్కనే చాకిరేవు, ఊరి ఆడవాళ్లు తివాచీలు, దుప్పట్లు ఉతుకుతుంటారు. వాళ్ల పని వాళ్లు చేసుకుంటుంటే కెమెరా పెట్టొద్దు.

అక్కడి వంతెన దాటి ఎదుటి కొండ మీది స్పానిష్ మసీదుకు ఇరవై, ముప్పై నిమిషాల ఎక్కుడు. సూర్యాస్తమయానికి ముప్పావు గంట ముందు చేరితే కూర్చోను చోటు దొరుకుతుంది. ఊరంతా ఒకేసారి కనిపించేది ఇక్కడి నుంచే. దిగేటప్పుడు చీకటి పడుతుంది, టార్చి అందుకే. ఒంటరిగా వెళ్లిన ఆడవాళ్లు నలుగురితో కలిసి దిగడం మంచిది.

7. రెండో రోజు పొద్దున: ఫొటోలు

ఏడింటికి బయట ఉండండి. కొట్లు తెరవకముందు గోడలు గోడల్లా కనిపిస్తాయి. తర్వాత తివాచీలు, సంచులు వేలాడదీస్తారు. పదకొండు దాటాక టాంజియర్, ఫెజ్ బృందాలు దిగుతాయి. ఆ వేళకు మీ ఫొటోల పని అయిపోవాలి. నీలం గోడలకు నేరుగా పడే ఎండ కన్నా నీడే నప్పుతుంది, కాబట్టి సూర్యుడు సందుల్లోకి దిగకముందే రంగు నిండుగా వస్తుంది.

మర్యాదలు తెలుసుకుని వెళ్లండి. ఇవి మనుషులు కాపురముంటున్న ఇళ్లు.

- కొన్ని ప్రసిద్ధ మెట్ల దగ్గర, అలంకరించిన గుమ్మాల దగ్గర ఇంటివాళ్లు 5, 10 దిర్హామ్‌లు అడుగుతారు. సంతోషంగా ఇవ్వండి. ఆ కుండీలూ సున్నమూ వాళ్ల ఖర్చే.
- ఊలు కుచ్చుల గడ్డి టోపీలు, ఎర్ర చారల వస్త్రం కట్టుకున్న కొండ ప్రాంతపు ఆడవాళ్లు సోమ, గురువారాల సంతకు వస్తారు. చాలామందికి ఫొటో ఇష్టం ఉండదు. చేత్తో సైగ చేసి అడగండి, తల అడ్డంగా ఊపితే అంతటితో వదిలేయండి.
- తెరిచిన తలుపుల్లోకి తొంగిచూడొద్దు. పిల్లల ఫొటోలు పెద్దవాళ్లను అడక్కుండా తీయొద్దు.
- సున్నం గోడలకు ఆనుకుంటే బట్టలకు అంటుకోవచ్చు. పట్టుచీరతో ఫొటో తీయించుకునేవాళ్లు ముఖ్యంగా చూసుకోండి.

ఆడవాళ్లయినా మగవాళ్లయినా భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకుంటే ఊరివాళ్లు కలుపుగోలుగా ఉంటారు. సల్వార్ కమీజ్ అన్నిటికన్నా సుఖం.

8. తిండి, ముఖ్యంగా శాకాహారులకు

దొరుకుతుంది. అడిగే పద్ధతి తెలియాలి, అంతే. కూరగాయల తాజీన్ (మట్టి పాత్రలో ఉడికించే కూర) అని మెనూలో ఉన్నా మాంసం ఉడికించిన నీళ్లు పోసి ఉండొచ్చు. హరీరా సూప్‌లో తరచు మాంసం ముక్కలుంటాయి. శుక్రవారం ప్రత్యేకమైన గోధుమ రవ్వ వంటకం కుస్‌కుస్‌ను పైన ఏడు కూరగాయలు పెట్టి తెచ్చినా, ఆవిరి పట్టేది సాధారణంగా మాంసపు పులుసు మీదే. అందుకని పేరు చూసి కాక, అడిగి తెప్పించుకోండి.

మాటలు ఇవి: బ్లా ల్హమ్ (మాంసం లేకుండా), బ్లా ద్జాజ్ (కోడి లేకుండా), బ్లా హూత్ (చేప లేకుండా). మూడూ చెప్పండి. ల్హమ్ అంటే కొందరి లెక్కలో కోడి రాదు.

నిశ్చింతగా అడగదగినవి:

- బిసారా: ఎండు బాకలా (ఫావా బీన్స్) గింజలను మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి వేసి ఇస్తారు. ఉత్తర మొరాకో పొద్దుటి తిండి. చిన్న కొట్లలో పది దిర్హామ్‌ల చుట్టుపక్కలే
- జాలూక్: వంకాయ, టమాటా, వెల్లుల్లితో చేస్తారు. మన కాల్చిన వంకాయ పచ్చడి తిన్నట్టే ఉంటుంది, కారం మాత్రం తక్కువ
- లూబియా (తెల్ల చిక్కుడు గింజలు), అదస్ (పప్పు). వీటికీ పై మూడు మాటలూ చెప్పాలి
- జ్బెన్: ఈ కొండల మేకపాల చీజ్. పొద్దున వేడి రొట్టె, తేనెతో
- మ్సెమెన్, బగ్రీర్: పెనం మీద కాల్చే రొట్టెలు

కారం లేకపోతే ముద్ద దిగనివాళ్లు హరీసా అడగండి, ఎండుమిరప ముద్ద తెస్తారు. అన్నం మీద బెంగ ఉన్నవాళ్లు ఒక చిన్న పచ్చడి సీసా, కందిపొడి పొట్లం వెంట తీసుకెళ్తే రెండు రోజులు గడిచిపోతాయి. పుదీనా టీ మరీ తీపిగా ఇస్తారు. మధుమేహం ఉన్నవాళ్లు బ్లా సుక్కర్ (చక్కెర లేకుండా) అని ముందే చెప్పాలి, కలిపాక తీయలేరు. తాగడానికి సీసా నీళ్లే మేలు.

చౌకులో కూర్చుంటే వెల ఎక్కువ, తిండి సామాన్యం. అక్కడ టీ తాగండి, భోజనం మాత్రం పక్క సందుల్లో చేయండి.

9. మూడో రోజు: అక్‌షూర్ జలపాతం

మూడో రాత్రి కూడా ఉండగలిగితే ఈ రోజు తప్పక పెట్టుకోండి. ఊరికి 30 కిలోమీటర్ల దూరంలో, తలసెమ్తాన్ జాతీయ ఉద్యానవనంలో ఉంది. గ్రాండ్ టాక్సీలో ముప్పావు గంట.

వరుస ఇలా:

- ఎనిమిదింటికల్లా బయల్దేరండి. తిరుగు ప్రయాణానికి డ్రైవర్‌తో వేళ ముందే అనుకోండి. సాయంత్రం ఆలస్యమైతే షేర్ టాక్సీలు తగ్గిపోతాయి.
- దిగాక చిన్న ఆనకట్ట దగ్గర దారి చీలుతుంది. ఒకటి జలపాతాలకు, ఇంకోటి దేవుడి వంతెన అనే సహజ రాతి తోరణానికి.
- పెద్ద జలపాతానికి ఒక్కో వైపు దాదాపు రెండు గంటల నడక. చిన్నది ముప్పావు గంట, గంటలో వస్తుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే చిన్నదే చాలు. దేవుడి వంతెనకూ గంట లోపే, కానీ ఎక్కుడు ఎక్కువ.
- తిండికి దారిలో ఏటి ఒడ్డునే తాటాకు నీడ లాంటి చిన్న పాకల్లో తాజీన్లు, నారింజ రసం అమ్ముతారు. నగదే తీసుకుంటారు.

ముందు రాత్రి వాన పడినా, ఆ రోజు మబ్బు పట్టినా వెళ్లొద్దు. ఇరుకు లోయ కాబట్టి నీరు ఒక్కసారిగా పెరుగుతుంది. వేసవి చివర వెళ్తే జలపాతం సన్నబడి ఉంటుంది. నడకకు మాత్రం బాగుంటుంది.

కొండలెక్కే అలవాటున్నవాళ్లు ఊరి పైన కనిపించే 1616 మీటర్ల జెబెల్ అల్ కెలా శిఖరం గురించి అడుగుతారు. అది పూర్తి రోజు పని. స్థానిక గైడు లేకుండా వద్దు.

10. ఎక్కువమంది పడే చిక్కులు, విరుగుడు

సందుల్లో గంజాయి అమ్మజూపేవాళ్లు చెవి దగ్గర గొణుగుతూ వస్తారు. 2021లో మొరాకో చట్టం చేసింది వైద్యం, పరిశ్రమల కోసమే. సరదాకు కొనడం నేరం, విదేశీయులైనా జైలే. పొలాలు చూపిస్తామన్నా వెళ్లొద్దు. లా, షుక్రన్ (వద్దు, థాంక్స్) అని, ఆగకుండా నడవండి.

ఈ దారి మూసేశారు, నేను చూపిస్తా అని కొందరు వెంటపడతారు. దారి మూసి ఉండదు. మీ దారిన వెళ్లండి. గైడు కావాలనుకుంటే బస చేసినచోటే అడిగి, గుర్తింపు కార్డు ఉన్నవాళ్లను పిలిపించుకోండి.

కొనుగోళ్లలో ఈ ఊరికి సొంతమైనవి ఊలు దుప్పట్లు, చేనేత చారల వస్త్రాలు. తోలు సామాను ఫెజ్‌లో కొనుక్కోవడం మేలు. ధర అడగడానికి బ్‌ష్‌హాల్ అనండి. మీ మనసులోని ధర ముందే అనుకుని, నవ్వుతూ బేరమాడండి. ఒప్పుకున్నాక కొనకుండా వెళ్లిపోవడం మాత్రం అక్కడ అవమానం.

శుక్రవారం మధ్యాహ్నం చాలా కొట్లు మూస్తారు. ఆ రోజు సంచి నింపుకునే పని పెట్టుకోవద్దు.

అత్యవసరానికి పట్టణంలో పోలీసులకు 19, అంబులెన్సుకు 15, పట్టణం బయట జాందార్మరీకి (పల్లె ప్రాంతాల పోలీసు దళం) 177.

11. తిరుగు ప్రయాణం

బయల్దేరే రోజు బస్టాండ్‌కు దిగువే కాబట్టి నడిచి వెళ్లొచ్చు, కానీ సామానుంటే టాక్సీని ముందు రాత్రే బసవాళ్లతో చెప్పించండి. టాంజియర్ నుంచి ఓడలో స్పెయిన్‌లోని తరీఫా వెళ్లేవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. టాంజియర్‌కు ఓడరేవులు రెండున్నాయి: తరీఫా ఓడ ఊళ్లోని పాత రేవు నుంచి, ఇంకో స్పెయిన్ రేవు అల్‌హెసిరాస్ ఓడలు ఊరికి దూరంగా ఉన్న టాంజియర్ మెద్ నుంచి. టికెట్ మీద ఏది ఉందో చదివి టాక్సీ ఎక్కండి. రెండోది, వేసవిలో స్పెయిన్ గడియారం మొరాకో కన్నా ఒక గంట ముందుంటుంది. అవతలి గట్టున రైలో విమానమో ఉంటే ఆ గంట కలిపి లెక్కేసుకోండి.

మిగిలిన దిర్హామ్‌లు విమానాశ్రయంలోనే తిరిగి మార్చేయండి. అప్పుడు మార్పిడి రసీదు అడుగుతారు, మొదటి రోజు ఇచ్చిన కాగితం పారేయకుండా పాస్‌పోర్టులోనే ఉంచండి.